అందేంత ఎత్తులో ఒక పాట

మా ఇంట్లో ఇద్దరం కండక్టర్లమే. నేను సిటీ బస్సుకు, మా ఆవిడ హెప్సిబా చర్చి క్వైర్‌కు. నేను బాటకు, ఆమె పాటకు. మెట్టుగూడ చర్చిలో ఏళ్ల తరబడి ఆమె చెయ్యి లేస్తే పాట లేచేది, చెయ్యి దిగితే పాట దిగేది. నా బస్సులో మాత్రం నేను చెయ్యెత్తినా గొంతెత్తినా దిగాల్సినవాళ్లు దిగరు, ఎక్కాల్సినవాళ్లు ఫుట్‌బోర్డు వదలరు.

పెళ్లిచూపుల నాడు వాళ్ల నాన్న నా చేతికి పెప్సీ ఇచ్చి, ఎదురుగా హెప్సీని కూర్చోబెట్టాడు. ‘ఒక కీర్తన పాడు బిడ్డా’ అన్నాడు. ఆమె పాడింది. పెప్సీలో గ్యాసంతా పోయి చప్పబడిపోయేదాకా గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ‘తాగు కృపాకర్’ అని మా అమ్మ గిల్లితే గానీ తెలివి రాలేదు.

పోయిన ఏడాది ఆమె గడ్డం కింద గడ్డ లేచింది. థైరాయిడ్ అన్నారు. ఆపరేషన్ అయింది, గడ్డ పోయింది, పోతూ పోతూ గొంతులో సగం మూటగట్టుకుని పోయింది. ప్రాణానికి ఢోకా లేదన్నాడు డాక్టరు. ఆ మాటకే నేను చేతులెత్తి దండం పెట్టాను. కానీ మిగిలిన గొంతు బొంగురుపోయి, బాగా కిందికి దిగిపోయింది. ఒకరోజు కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి ఆమెను ‘సార్, జర గేటు కాడికి రండి’ అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఫోన్ ఎత్తడం మానేసింది. బయటివాళ్లతో మాట్లాడటమే మానేసింది. కూరగాయల బండి దగ్గరైనా, కిరాణా కొట్లోనైనా ఆమె నా చెవిలో గుసగుసగా చెప్పేది, నేను బజారంతటికీ వినపడేట్టు చెప్పేవాణ్ని. ‘పావుకిలో పచ్చిమిర్చి’ అని నేను అరిస్తే పక్క గల్లీలో కూడా ఎవరో తూకం వేసేవాళ్లు.

క్వైర్ వాళ్లు మంచివాళ్లు. ‘అక్కా, నువ్వు పాడకున్నా ముందు వరుసల కూసో, సాలు’ అన్నారు. ఆ మంచితనాన్నే ఆమె తట్టుకోలేకపోయింది. అంతలో జల్‌పల్లిలో మా చిన్న ప్లాటులో ఇల్లు పూర్తయింది. అక్కడికి మారిపోయాం. మెట్టుగూడ దూరమైపోయిందని ఆమె, నిజమే చాలా దూరమని నేను, ఒకరికొకరం చెప్పుకున్నాం.

అలా మా ఇంట్లో చర్చి గురించి చర్చ మొదలైంది.

‘‘గిక్కడ దగ్గర్ల ఏదన్న చర్చి చూద్దాం,’’ అంది. ‘‘ఒక్కటే షరతు. నన్నెవ్వరు పాడుమని అడగొద్దు.’’

‘‘గంతేనా? పార్కింగు గిట్ల ఉండొద్దా?’’

‘‘ముందుగాల నీ నోటికి పార్కింగు చూడు.’’

నాకూ ఒక షరతు ఉంది. అది ఆమెకు చెప్పలేదు. ఆమె మళ్లీ నోరు తెరిచి పాడే చర్చి కావాలి నాకు. ఒకే బండి మీద కూర్చుని ఇద్దరం రెండు వేరు వేరు చర్చిలకు బయల్దేరామన్నమాట.

మొదటిది సంతోష్‌నగర్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో. ముందు రాత్రి అక్కడ ఏదో పెళ్లి వలీమా విందు జరిగినట్టుంది, స్టేజీకి కట్టిన పూలు ఇంకా వాడలేదు. వంటగది వైపు నుంచి బిర్యానీ వాసన వస్తుంటే, పాపాలు ఒప్పుకునే సమయంలో నాకు ఆకలి అనే పాపం ఒక్కటే గుర్తొచ్చింది. బీరువాలంత సౌండు బాక్సులు. కుర్రవాళ్లు గిటార్లు పట్టుకుని ఎగురుతున్నారు, నిజంగా సంతోషంగా ఎగురుతున్నారు. వాళ్లను చూస్తే నాకూ ముచ్చటేసింది. హెప్సిబా పాడుతోందా అని చెవి పెడితే నా మాటే నాకు వినపడలేదు. ఆమె పెదవులు చూశాను. మూసే ఉన్నాయి. చివర్లో ‘కొత్తగా వచ్చినవారు లేచి నిలబడండి’ అన్నారు. నిలబడ్డాం. చప్పట్లు కొట్టి, చెరొక పెన్ను, చెరొక కేకు ముక్క ఇచ్చారు.

తిరిగొస్తూ మా గల్లీ మొదట్లో గౌస్ భాయ్ చాయ్ దుకాణం దగ్గర ఆగాం.

‘‘ఏం కండక్టర్ సాబ్, దొర్కిందా మీ చర్చి?’’

‘‘చర్చి దొర్కింది భాయ్. చెవులు పోయినయ్.’’

‘‘పోనీ, వచ్చే ఐతారం చూద్దురు. అమ్మకు అల్లం జ్యాదా ఏసి ఇస్తున్న. గలేకు మంచిది.’’ గొంతు ఆపరేషన్ సంగతి ఆయనకు నేనే చెప్పాను. హెప్సిబా ఆ చాయ్ తాగి, నాకు సైగగా తల ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పరాయి మనిషి చూపించిన ప్రేమకు కాబోలనుకుని నా మనసూ చెమ్మగిల్లి, ఆమె తరఫున ‘థాంక్స్ భాయ్’ అన్నాను.

రెండోది మూసీ అవతల పాత రాతి చర్చి. నల్లబడిన టేకు బెంచీలు, పైన పావురాలు, ఎంత నిశ్శబ్దమంటే నేను గుటక మింగితే ముందు వరుసవాళ్లు వెనక్కి చూశారు. హెప్సిబా ముఖం తేటపడింది. ‘ఇదేనేమో’ అనుకుంటుండగా, ఆరాధన అయ్యాక క్వైర్‌లోంచి ఒకాయన తెల్లగౌనుతోనే పరుగెత్తుకొచ్చాడు.

‘‘అక్కా, మీరు మెట్టుగూడ హెప్సిబక్క కాదూ? మీ గొంతు విని నేర్చుకున్నోళ్లం మేము! రండక్కా, ఇయ్యాల్నే ప్రాక్టీస్ ఉంది!’’

హెప్సిబా నా చెవిలో ఏదో అంది. ‘‘పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిందంట,’’ అని నేను గట్టిగా చెప్పాను. మూసీ దాటొచ్చిన పాలు! ఆయన నమ్మాడో లేదో గానీ, మేం మెట్లు దిగేదాకా గౌను పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మూడోది కార్వాన్ వైపు ఒక ప్రార్థన మందిరం. అక్కడ బాధల్లో ఉన్నవాళ్లను ముందుకు పిలిచి తల మీద చెయ్యి వేసి ప్రార్థిస్తారు. హెప్సిబా తనకు తానుగా లేచి వరుసలో నిలబడింది. నేను ఆపలేదు. ఏ మనిషికి ఏ ఆశ ఉంటుందో పక్కవాడు చెప్పలేడు, పక్కవాడు మొగుడైనా సరే. పాస్టరుగారు ఆమె గొంతు మీద చెయ్యి పెట్టి చాలాసేపు కన్నీళ్లతో ప్రార్థించారు. మంచి మనిషి. చివర్లో మైకు తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టారు. ‘‘దేవుడు ముట్టాడు తల్లీ! పాడు!’’

హాలంతా ఆమె వైపు తిరిగింది. హెప్సిబా నోరు తెరిచింది. మైకులో గాలి ఒక్కటే వినపడింది. ఆమె నావైపు చూసింది. బజార్లో పచ్చిమిర్చి అడగమన్నప్పుడు చూసేలాగే చూసింది. కానీ ఈసారి ఆమె బదులు నేను అరవడానికి ఏమీ లేదు.

ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ అంది, ‘‘ఇగ చాలయ్యా. నేను ఇంట్లనే ప్రార్థన చేసుకుంట. నువ్వు పోయి రా.’’

‘‘నువ్వు లేనిది నేను పోయి ఏం చెయ్యాలె?’’

‘‘కేకు ముక్క తెచ్చుకో.’’

నవ్వించాలని అన్నదే గానీ, తర్వాతి ఆదివారాలు ఇల్లు ఇల్లులా లేదు. బియ్యం కడిగేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు ఆమె నోట్లో ఏదో ఒక రాగం ఉండేది ఒకప్పుడు. ఇప్పుడు నల్లా నీళ్ల చప్పుడు ఒక్కటే. నేను నా వంతుకు మించి మాట్లాడి ఆ ఖాళీ నింపాలని చూశాను. నా మాటలతో నిండేది కాదది.

ఒక ఆదివారం పొద్దున ఆమే బయటినుంచి కరివేపాకు తెచ్చి, చేతిలో పట్టుకునే అంది. ‘‘పిండి గిర్ని మీద ఒక రూము ఉంది చూసినవా? మెట్ల మీద మస్తు చెప్పులున్నయ్. పైకెక్కి కిటికీల నుంచి చూసిన. ప్రార్థనే. మైకు లేదు, గిటార్ లేదు, హార్మోనియం గూడ లేదు. గసుంటి చోట నన్నెవరు పాడుమంటరు? బట్టలు మార్చుకో, పోదాం.’’

పిండి గిర్ని మెట్లెక్కితే ఎవరి చెప్పులైనా తెల్లబడతాయి. పైన చాపలు పరిచారు. మగవాళ్లు ఎడమవైపు, ఆడవాళ్లు కుడివైపు. పాతికమంది కూడా ఉండరు. పాస్టరు బాలనర్సింహగారు వారమంతా ఇళ్లల్లో టైల్స్ వేస్తారట, చేతివేళ్ల మధ్య సిమెంటు ఇంకా ఉంది. ఆ చేతిలోనే కంజీర. హెప్సిబా నెత్తిన కొంగు కప్పుకుని, ఒక ముసలామె పక్కన నిశ్చింతగా కూర్చుంది. అడగని చోటు దొరికిందని ఆమె ముఖంలోనే తెలుస్తోంది. నాకు మాత్రం నా షరతు ఓడిపోయినట్టుంది.

అప్పుడు బాలనర్సింహగారు నవ్వుతూ అన్నారు, ‘‘ఇయ్యాల కొత్తోళ్లు వచ్చిండ్రు. వందనాలన్నా, వందనాలమ్మా. మా దగ్గర కొత్తోళ్లను నిలవెట్టి పేరు, ఊరు అడుగుడు లేదు. వాళ్లతోటి ఒక పాట ఎత్తిస్తం, మేమందరం వెనుక అందుకుంటం. పాట ఎత్తిండ్రంటే ఇగ మావోళ్లయినట్టే. అమ్మా, మీ ఇష్టం, ఏ పాటైనా ఎత్తుండి.’’

పాతిక ముఖాలు ఆమె వైపు తిరిగాయి. హెప్సిబా తల వంచేసింది. ఆమె వేళ్లు చాప అంచును పట్టుకుని పురి తిప్పుతున్నాయి. మళ్లీ ఆ మైకూ ఆ హాలూ ఆమె కళ్ల ముందు నిలబడ్డట్టున్నాయి. ఇంకొక్క క్షణం ఆగితే లేచి మెట్లు దిగిపోతుంది, ఇక ఏ మెట్లూ ఎక్కదు.

‘‘నేనెత్తుత!’’ అన్నాను, లేచి.

నా గొంతు సంగతి కొంచెం చెప్పాలి. అఫ్జల్‌గంజ్‌లో నేను ఒక్క కేకేస్తే అడ్డంగా నిలిపిన ఆటోలు వాటంతట అవే పక్కకు జరుగుతాయి. గొంతు ఉంది, శ్రుతి లేదు. శ్రుతి ఎక్కే స్టాపులో నా బస్సు ఏనాడూ ఆగలేదు. అయినా మా పెళ్లిచూపుల్లో ఆమె పాడిన కీర్తనే ఎత్తుకున్నాను. ‘చార్మినార్, ఫలక్‌నుమా’ అని పిలిచే ఎత్తులోనే ఎత్తుకున్నాను.

పాపం, వాళ్లు నమ్మకస్తులు. అంత ఎత్తుకూ నా వెంట ఎక్కారు. పెద్దమనుషుల మెడనరాలు తేలాయి. ఒక చంటిపిల్ల ఏడుపు అందుకుంది, అందరిలోకీ దాని శ్రుతే నయం. పల్లవి రెండో వరుసలో నా రాగం రూటు మారిపోయిందని నాకే తెలిసింది గానీ, కదిలిన బస్సు ఆపడం ఎలా? వాళ్లూ నా వెంటే మలుపు తిరిగారు. బాలనర్సింహగారి కంజీర తడబడింది. చరణం ఎక్కబోయి, ఘాట్ రోడ్డు మీద బస్సులా గుర్రుమని ఆగిపోయాను.

‘‘ఆగయ్యా! గది క్రిస్మస్ పాట రాగం!’’

బొంగురు గొంతు. పెద్ద గొంతు. గది నాలుగు గోడలకూ వినపడ్డ గొంతు.

హెప్సిబా అనేసింది. అనేసి, రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎవరూ ఉలిక్కిపడలేదు. ‘సార్’ అని ఎవరూ అనుకోలేదు. బాలనర్సింహగారు చెమట తుడుచుకుని, ‘‘నేను గూడ గదే అనుకుంటున్న. జర మీరే సరిజేయుండి అమ్మా. అన్న మమ్ముల ఏడికో తీస్కపోయిండు,’’ అన్నారు.

చాపల మీద నవ్వు పుట్టింది. ఆ నవ్వు అణగకముందే, అందులోంచే, ఆమె మొదలుపెట్టింది. నేను ఎక్కిన మేడ మీదినుంచి పాటను చెయ్యి పట్టుకుని దింపి నేల మీద నిలబెట్టినట్టు, బాగా కింది శ్రుతిలో. గొంతు గరగరలాడుతోంది, కానీ రాగం మాత్రం గీత గీసినట్టుంది. ఒక్కొక్కరే అందుకున్నారు. కంజీర దారిలో పడింది.

ఆ కీర్తన చరణంలో ఒక ఎత్తు ఉంది. పెళ్లిచూపుల నాడు ఆమె గొంతు అక్కడికి ఎక్కినప్పుడే నా పెప్సీ చప్పబడింది. ఇప్పుడు అక్కడికొచ్చేసరికి గొంతు చిట్లి గాలి మాత్రమే వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను.

పాట ఆగలేదు. ఆ నాలుగు మాటలూ పక్కనున్న ముసలామె, ఆమె వెనకున్న ఆడవాళ్లు పాడేసి, మళ్లీ కిందికొచ్చాక ఆమె చేతికి ఇచ్చేశారు. రెండో చరణంలోనూ అంతే. మూడో దానికి వచ్చేసరికి ఆమె అక్కడ ఆగి ఊపిరి తీసుకుంటోంది, వాళ్లు ఆ ఎత్తు దాటిస్తున్నారు. ఎప్పటినుంచో ఆ పాట అలాగే పాడతారేమో అన్నట్టుంది. ఆమె కుడిచెయ్యి మోకాలి మీదనుంచి కొద్దిగా పైకి లేచింది. లేచి, దిగింది. నేను చూశాను.

ప్రార్థన అయ్యాక ఆ ముసలామె, సత్తెమ్మవ్వ, చాప చుడుతూ అంది, ‘‘నీది కింది గొంతు బిడ్డా. మాకు అందింది. ఆ మధ్యన ఒక పిల్ల వచ్చి ఎత్తింది, మస్తు పాడింది. గని గంత మీద ఉంటె ముసలోళ్లం ఏడ అందుకుంటం? నోరు తెరువలేదు మేము.’’

‘‘ఆపరేషన్ అయినంక గిట్లయింది అవ్వా. ముందుగాల గిట్ల లేకుండె.’’

‘‘అయితె అయింది తియ్యి. వచ్చే వారం జెల్ది రా, చాపలు పరిచేటోళ్లు తక్కువున్నరు.’’ తర్వాత నా వైపు తిరిగి, ‘‘నువ్వు గూడ రా కొడుకా. నువ్వు పరుచుడే జెయ్యి. పాడకు,’’ అంది.

గౌస్ భాయ్ దుకాణం దగ్గర బండి ఆపాను. మామూలుగానే అడిగాడు. ‘‘దొర్కిందా, కండక్టర్ సాబ్?’’

నేను నోరు తెరిచాను.

‘‘దొర్కింది భాయ్,’’ అంది హెప్సిబా.

గౌస్ భాయ్ చేతిలో గిన్నె ఆగిపోయింది. ఇన్ని రోజుల్లో ఆయన ఆమె గొంతు వినడం అదే మొదలు. ‘‘మాషా అల్లా. ఏడ అమ్మా?’’

‘‘గిర్ని మీద. ఇగో భాయ్, అల్లం జర తక్కువెయ్యి. పోయినసార్ల నోరు మండి కండ్లల్ల నీళ్లొచ్చినయ్. చెప్పుమని ఈయనకు సైగ జేస్తె, థాంక్స్ చెప్తున్నడు నా తరఫున.’’

‘‘అరె, మాఫ్ చెయ్యమ్మా!’’ ఆయన నవ్వుతూ గ్లాసు పారబోసి కొత్తది పెట్టాడు. గిర్ని మీదికి ఎవరెవరు వస్తారు, చాపలు ఎన్ని ఉన్నాయి, పాలు ఎంత పలచన, అల్లం ఎప్పుడు వెయ్యాలి, ఆ ఇద్దరి ముచ్చట సాగింది. నేను మధ్యలో ఒక్క మాట కలపలేదు. నా గ్లాసు చేతిలో పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. చాయ్ మీద మీగడ కట్టింది. హెప్సిబా ఇటు తిరిగి, ‘‘తాగయ్యా, సల్లారిపోతున్నది,’’ అనేదాకా నాకు తెలివి రాలేదు.