హోల్డాన్

నేను ఒక పిడిని. బస్సులో నిలబడ్డవాళ్లు పట్టుకునేందుకు పైకమ్మీకి వేలాడదీస్తారే, అదే. పసుపురంగు ప్లాస్టిక్కును అచ్చులో పోసి నన్ను చేశారు. విశాఖపట్నంలో కరెంటుతో నడిచే సిటీబస్సుకు తగిలించారు. అప్పట్నుంచీ నాకు తెలిసినవి చేతులే. చేపల వాసన చేతులు, సుద్ద అంటిన చేతులు, ఫోను వదల్లేక నాకు ఒక్క వేలే ఇచ్చే చేతులు.

ఈ బస్సుకు చప్పుడు లేదు. అందుకని ఇంట్లో గుట్టుగా దాచుకున్నవన్నీ మనుషులు ఇక్కడ ఫోన్లో చెప్పుకుంటుంటే అందరికీ వినబడతాయి.

ఒకనాటి సాయంత్రం అనూహ్య, ఆమె తమ్ముడు వినీల్ ఎక్కారు. పూణేలో పెరిగిన తెలుగు పిల్లలు. పొగ వదిలే బండి ఎక్కకుండా ఊరంతా చూడాలని పట్టుపట్టి వచ్చారట. వీపున సంచులు, కాళ్లకు బీచి ఇసుక. రైల్వేస్టేషనుకు టికెట్టు తీసుకున్నారు. ఫోన్లో వాళ్లమ్మ అరుపు నాకూ వినబడింది: "టాక్సీ ఎక్కమంటే వినరు! రైలు తప్పిందో, ఇంకెప్పుడూ ఇద్దర్నీ ఎక్కడికీ పంపను!"

"రైలు తప్పదులే అమ్మా," అంటూ అనూహ్య నన్ను పట్టుకుంది. అరచెయ్యంతా చెమట.

స్టేషను వచ్చింది. కండక్టరు పైడితల్లి అలవాటుగా కేకేసింది: "హోల్డాన్!"

అది డ్రైవరును ఆపమని చెప్పే మాట. వినగానే ఈ ఊరివాళ్లు దిగడానికి లేస్తారు. అక్కాతమ్ముళ్లు మాత్రం నన్నూ పక్కపిడినీ ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"రైట్ రైట్!" బస్సు కదిలింది.

స్టేషను వెనక్కి పోతుంటే వినీల్ కిటికీలోంచి వేలు చూపించాడు. "అక్కా, అదే కదా!"

పైడితల్లి గిరుక్కున తిరిగింది. "ఏటమ్మా, స్టేషనుకి టికెట్టు తీసి ఇక్కడే నిలబడిపోనారేటి?"

"మీరే కదండీ పట్టుకోమన్నారు!"

"నానెప్పుడన్నానమ్మా?"

"హోల్డాన్ అన్నారుగా!"

బస్సంతా గొల్లున నవ్వింది. పైడితల్లి నవ్వలేదు. ఇన్నేళ్లుగా అరుస్తున్న మాటను అప్పుడే మొదటిసారి విన్నట్టు నిలబడిపోయింది. అంతలోనే తేరుకుంది.

"హోల్డాన్! ఆపన్నా, రైలు పిల్లలు! ఒగ్గేయండమ్మా, ఒగ్గేసి పరిగెత్తండి!"

ఆ చెయ్యి నన్ను వదిలింది. చెమట ఆరేదాకా ఊగుతూనే ఉన్నాను. రైలు దొరికిందో లేదో పిడికి ఎవరు చెబుతారు?

వానాకాలం వెళ్లాక, ఒక పొద్దున నన్నొక చెయ్యి పట్టుకుంది. అనూహ్యదే. ఈసారి చెమట లేదు. పక్కన వినీల్, వెంట ఇద్దరు స్నేహితురాళ్లు. అయితే ఆనాడు రైలు అందిందన్నమాట.

బీచి దగ్గర పైడితల్లి నోరు తెరిచింది. వీపుసంచులు చూసి, వచ్చిన మాట మింగి, "దిగండమ్మా!" అంది.

అలవాటైన కేక వినబడక ఊరివాళ్లెవరూ లేవలేదు. డ్రైవరూ ఆపలేదు.

"హోల్డాన్!" అని గట్టిగా అరిచి, అనూహ్య అందరికంటే ముందు నన్ను వదిలేసింది.