దారం లేని కుట్టు

సోమవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు పోస్ట్‌మన్ సందు మొగలో సైకిలు దిగి, నిలబడి విన్నాడు. చప్పుడు లేదు. చీటీ రాసి, మొగలో గోడకున్న డబ్బాలో వేసి వెళ్లిపోయాడు.

ఆ చీటీ సాయంత్రం పై గది అమ్మాయికి దొరికింది. ఇంటి నంబరుంది, ఉత్తరం నంబరుంది, పంపినవారు ఉద్యోగ నియామక మండలి అని ఉంది. ఎవరికి వచ్చిందో లేదు. ఈ చీటీల మీద పేరు రాయరు. కింద అచ్చులో ఉన్న వాక్యం ఆమెకు చూడకుండానే వచ్చు. రెండోసారి తెచ్చినప్పుడు కూడా ఆ చిరునామాలో సంతకం చేసేవాళ్లు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది, అభ్యర్థి పేరు జాబితాలోంచి తీసేస్తారు.

మంగళవారం ఉదయం తొమ్మిది నలభైకి ఆమె కింది వాటాలో, మిషనమ్మ కుర్చీలో కూర్చుని ఉంది.

మిషనమ్మ ఇంటావిడ. అరవై మూడేళ్లు. కాలి మిషను మీద దిండు గలేబులు, తెరలు, బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కింద తనుంటుంది, పైనున్న ఒక్క గదీ అద్దెకిస్తుంది. సోమవారం ఒంటిగంటన్నరకు మిషను మీదే తల వాల్చేసింది. పక్కింటివాళ్లు చూసి తమ్ముడికి కబురు పెట్టారు. గడియారాలు బాగుచేసే తమ్ముడు కొట్టు కట్టేసి వచ్చి, ఇంటికి తాళం వేసి, ఆసుపత్రిలో చేర్చాడు. గుండె అన్నారు.

ఆ సాయంత్రం ఏడున్నరకు అమ్మాయి ఆసుపత్రికి వెళ్లింది. పలకరించడానికే వెళ్లింది గానీ చీటీ చేతిలోనే ఉంది. మిషనమ్మ ఆమె మొహం చూడలేదు, చీటీ చూసింది.

"ఎన్నింటికొచ్చాడు?"

"రెండూ పది అని రాశాడు పిన్నీ."

"నలభై నిమిషాలు" అని మిషనమ్మ కళ్లు మూసుకుంది. కాసేపటికి తెరిచింది. "రేపు నువ్వు మిషను తొక్కు."

"నాకు కుట్టడం రాదు."

"కుట్టమన్నానా? తొక్కమన్నాను. పది నుంచి నాలుగున్నర దాకా. సూది పాదం కింద గుడ్డ పెట్టు, ఉత్తినే తొక్కితే గుడ్డ జరిపే పళ్లు అరుగుతాయి. దారం ఎక్కించకు, దండగ."

"ఎందుకు పిన్నీ?"

"అతనికి వినపడాలిగా. వినపడితేనే లోపలికొస్తాడు."

తమ్ముడు అడ్డం వచ్చాడు. "అక్కా, మాట్లాడొద్దన్నాడు డాక్టరు."

"డాక్టరు సంతకం పెడతాడా వచ్చి?" అని తమ్ముణ్ని కసిరి, మళ్లీ అమ్మాయి వైపు తిరిగింది. "సొరుగులో బిస్కెట్ల డబ్బా ఉంది. ఎవరిదొస్తే వాళ్లకు ఫోన్ చెయ్యి. నీతో కలిపి ఎనిమిది మంది."

ఎనిమిది మంది ఎవరో అడిగే లోపలే నర్సు తలుపు వైపు చెయ్యి చూపించింది. బయట తమ్ముడు ఇంటి తాళంచెవి ఆమెకిచ్చాడు.

జాబితా సంగతి ఇది. చిన్న గుమస్తా ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కినవాళ్ల పేర్లు వరసలో వేస్తారు. శాఖకో వరస. కొన్ని నడుస్తాయి, కొన్ని పాకుతాయి. ఖాళీలు వచ్చినప్పుడల్లా పైనుంచి కొందరిని ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఆ పిలుపు దరఖాస్తులో రాసిన చిరునామాకే వస్తుంది. చిరునామా మార్చుకోవడానికి ఫారం ఉంది. అది ఇచ్చినవాళ్లు ఆ రోజే దరఖాస్తు చేసినట్టు లెక్క, పేరు వరస చివరికి పోతుంది. అందుకని ఎవరూ మార్చరు.

అమ్మాయికి ఇరవై తొమ్మిదేళ్లు. పరీక్ష పాసై నాలుగేళ్లయింది. టైల్స్ కొట్టులో ఫోన్లెత్తే పని చేస్తోంది. వరసలో ఎక్కడున్నామో ఏడాదికొకసారి చెబుతారు, చివరిసారి ఆమెది తొంభై ఆరు. ఈ విడత వందమందిని పిలుస్తారని కొందరంటున్నారు, యాభై దాటరని కొందరు. ఆ ఉత్తరం తనదే కావచ్చని రాత్రంతా అనుకుంది. పొద్దున ఎనిమిదిన్నరకే పోస్టాఫీసు మెట్లెక్కింది. చిరునామాలో తప్ప ఇవ్వం అన్నారు. సందు మొగలో కుర్చీ వేసుకుని కూర్చుందామా అంటే సందుకు రెండు మొగలు. పోస్ట్‌మన్ ఏ వైపు నుంచి వస్తాడో ఆ రోజు సంచిని బట్టి ఉంటుంది. ఇల్లు సరిగ్గా నడిమధ్య.

కొట్టు యజమానికి ఫోన్ చేసింది.

"ఇవాళ రాను సార్. మిషను తొక్కాలి."

"కుట్టుపనిలో చేరావా ఏం?"

"ఒక్కరోజుకి సార్."

పది గంటలకు మొదలుపెట్టింది. సూది పాదం కింద ముతక గుడ్డ అప్పటికే ఉంది. సూదిలో దారం లేదు. పెడలు మీద పాదం ఆనించి నొక్కితే చక్రం వెనక్కి తిరిగి బిగుసుకుపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ వెనక్కే. నాలుగోసారి, చేత్తో పై చక్రాన్ని ముందుకు తోసి పాదం కలిపితే తిరిగింది. టకటకమని ఆ చప్పుడు గదంతా నిండింది.

ఆ చప్పుడంటే ఆమెకు ఒళ్లుమంట. నాలుగేళ్లుగా మంచం కింద నుంచి వస్తున్న చప్పుడది. సెలవు పెట్టి ఇంకో పరీక్షకు చదువుకుందామనుకున్న రోజుల్లో చీపురు తిరగేసి నేల మీద కొట్టింది. మిషనమ్మ ఆపలేదు. ఒకసారి మెట్ల మీదే నిలదీసింది. "ఎవరికోసం పిన్నీ ఇంత ఆరాటం? ఒక్క గంట ఆపితే కొంపలంటుకుంటాయా?" మిషనమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. తలూపి లోపలికెళ్లి, మళ్లీ తొక్కింది. గది ఖాళీ చేసి పోదామని ఎన్నిసార్లో అనుకుంది. చిరునామా కట్టేసింది.

పదకొండుకి పిక్కలు లాగడం మొదలైంది. కాలు మార్చింది. పావుగంటకు ఆ కాలూ లాగింది. పాదం ఆపకుండానే సొరుగు లాగి బిస్కెట్ల డబ్బా తీసింది.

లోపల చీటీలు. ఒక్కో చీటీకి ఒక గుడ్డముక్క గుండుసూదితో గుచ్చి ఉంది, దర్జీలు కొలతల కాగితానికి గుచ్చుకున్నట్టు. చీటీ మీద మిషనమ్మ పెట్టుకున్న పేరు, వెనకవైపు అసలు పేరు, ఫోన్ నంబరు. నంబర్లు మూడు నాలుగుసార్లు కొట్టేసి కొత్తవి రాసి ఉన్నాయి. పొడుగమ్మాయి. దగ్గు పిల్ల. కాఫీ పిల్ల. జంట జడలు. గణితం. నిద్రమొహం. చిన్నక్క. పై గదిలో తనకు ముందున్నవాళ్లు. ఊళ్లు పట్టి పోయినవాళ్లు. చిరునామా మాత్రం ఇక్కడే వదిలి పోయారు.

ఎనిమిదో చీటీకి గుచ్చిన నీలం ముక్క ఆమె కిటికీ తెరది. చీటీ మీద "విసుగమ్మ" అని ఉంది.

ఆమెకు నవ్వొచ్చింది. పాదం తడబడి చక్రం వెనక్కి తిరిగింది. గబుక్కున చేత్తో తోసి అందుకుంది.

పన్నెండూ పదికి తమ్ముడు ఫోన్ చేశాడు.

"వచ్చాడా అని అడుగుతోందమ్మా."

"ఇంకా రాలేదు బాబాయ్. ఎలా ఉంది?"

"ఇందాకటికంటే మాట తగ్గింది. అయినా అడిగేది అదొక్కటే. పొద్దుట్నుంచి నేను నీళ్లైనా తాగానా అని అడగలేదు చూడు. ఆగు... మిషను వినిపించమంటోంది."

అమ్మాయి ఫోన్ మిషను బల్ల మీద పెట్టి తొక్కింది. నిమిషం తర్వాత తమ్ముడి గొంతు వచ్చింది. "వంకరగా తొక్కుతోంది, మడమ కూడా ఆనించమను అంటోంది."

మడమ ఆనించింది. నొప్పి సగం తగ్గింది.

ఒంటిగంటకు సూది పాదం కింద గుడ్డ జరిగిపోతే ఇంకోటి కోసం ఎడమ చేత్తో పక్క బీరువా తెరిచింది. కింది అరలో మడతలు పెట్టిన గుడ్డలు. పైదాన్ని లాగి విదిలించింది. గుడ్డ నిండా చిల్లులు. ఈ చివర నుంచి ఆ చివర దాకా వరసలు, వరస పక్కన వరస, గీత గీసినట్టు. దారం పోగు ఒక్కటి లేదు. కిటికీ వైపు ఎత్తిపట్టింది. ఒక్కో చిల్లులోంచి వెలుతురు వచ్చి ఆమె చేతుల మీద, మిషను మీద, గోడ మీద చుక్కలుగా పడింది. ఆమె చెయ్యి కదిలితే గోడ మొత్తం కదిలింది.

దాని కింద ఇంకోటి. దాని కింద ఇంకోటి. బేరం లేని రోజుల గుడ్డలవి. కుట్టడానికేమీ లేని రోజున కూడా ఆవిడ కూర్చుని తొక్కిన గుడ్డలు. ముప్పై ఒకటి లెక్కపెట్టి అమ్మాయి ఆపింది. అర ఇంకా సగం కూడా ఖాళీ కాలేదు. బీరువా తలుపు వెయ్యాలనిపించలేదు. మామూలు ఇనప బీరువా, హాండిలు ఊడితే తాడు కట్టి ఉంది. దాని ముందు నోరు తెరుచుకుని ఉండిపోయి, తన పాదం ఆగిన సంగతి తెలిసి ఉలిక్కిపడి, జరిగిపోయిన ముతక గుడ్డనే మళ్లీ సూది కిందకు లాగి తొక్కింది.

రెండూ ఇరవైకి బెల్టు జారిపోయింది. పెడలు ఊగింది, చక్రం తిరగలేదు. వంగి కింది చక్రానికి తోలు బెల్టు తొడగబోతే చేతికి మసి అంటింది గానీ అది ఎక్కలేదు. సందులో ఎక్కడో సైకిలు బెల్లు మోగింది. ఏ మొగో తెలియలేదు. ఆమె లేచి నిలబడి, పై చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని తిప్పింది. టక్. టక్. టక్. తిప్పుతూనే ఉంది. భుజాలు పట్టేశాయి. తిప్పింది.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది.

"చప్పుడు తేడాగా ఉంది. అక్క కాదు కదూ?"

పోస్ట్‌మన్‌కు రిటైరయ్యే వయసు. సంచి దించి గడపలో కూర్చున్నాడు. మోకాలు రుద్దుకున్నాడు.

"ఆసుపత్రిలో ఉంది బాబాయ్. గుండె."

అతను ఖాళీ కుర్చీ వైపు చూశాడు. "నిన్న రెండు మొగల్లోనూ నిలబడ్డాను. వినపడలేదు. ఇంకో ముప్పై అడుగులు వేసి ఉంటే తాళమన్నా చూసేవాణ్ని, ఏమైందని అడిగేవాణ్ని. వెయ్యలేదు."

"తాళమే ఉంది బాబాయ్."

"నా సంచిలో రెండు వందల తలుపులుంటాయమ్మా. అన్నీ తట్టలేను. పందొమ్మిదేళ్ల కిందట కూడా ఇలాగే తట్టకుండా పోయాను. మీ పై గదిలో మొదట ఉన్న పిల్లకు ఉత్తరం. మొదటిసారి తాళం. రెండోసారి అక్క నాలుగిళ్ల అవతల గలేబులిచ్చి రావడానికెళ్లింది, పది నిమిషాలు. నేను మొగలోనే విని, చప్పుడు లేదని పోయాను. ఉత్తరం తిరిగిపోయింది, పిల్ల పేరు కొట్టేశారు." చేత్తో గడప తుడిచాడు. "ఆ పిల్ల వచ్చి ఇక్కడే కూర్చుంది. ఒక్కమాట అనలేదు. పర్లేదు పిన్నీ అని లేచి పోయింది. తిట్టినా బాగుండేది అంటుంది అక్క. మర్నాడు నన్ను నిలబెట్టి చెప్పింది. పది నుంచి నాలుగున్నర దాకా ఈ మిషను ఆగదు, వినపడితే లోపలికి రా అని."

"ఆగలేదా?"

"నిన్న ఆగింది."

అతను సంచిలోంచి కవరు తీశాడు. అమ్మాయి మసి చేతులు చీరకు తుడుచుకుంది. అతను పేరు చదివాడు. ఆమె పేరు కాదు.

బిస్కెట్ల డబ్బా తెచ్చి చీటీలు తిరగేసింది. ఒక చీటీ వెనక ఆ పేరుంది. ముందువైపు: పొడుగమ్మాయి. పన్నెండేళ్ల కిందటి గులాబీరంగు గుడ్డముక్క. తన పేరు కానందుకు ఏదో ఒకటి అనిపించాలి కదా అని ఆమె ఒక క్షణం ఎదురుచూసింది. అనిపించలేదు. సంతకం చేసింది. అక్షరాల మీద మసి పడింది.

పోస్ట్‌మన్ వంగి, రెండు వేళ్లతో బెల్టును చక్రం మీదకు ఎక్కించాడు. "చాలాసార్లు చూశాలే" అన్నాడు. సంచి ఎత్తుకున్నాడు. "రెండో సంచి నాలుగింటికి."

ఆమె తొక్కుతూనే ఫోన్ చేసింది. అవతల ఏదో యంత్రం మోతలో ఒక ఆడగొంతు.

"ఎవరండీ?"

"మిషనమ్మగారింటి నుంచి. పై గదిలో ఉంటాను. మీకు ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చింది."

అవతలి మోత తగ్గింది. తలుపు వేసినట్టున్నారు.

"ఎవరో ఆటపట్టిస్తున్నారు."

"లేదక్కా. సంతకం చేసి తీసుకున్నాను, విప్పి చూశాను. వచ్చే నెల మూడో తారీఖు, పది గంటలకు."

పొడుగమ్మాయి ఆ తారీఖు మళ్లీ చెప్పించుకుంది. తర్వాత, "అది పిన్ని మిషనేనా?"

"అవును."

"మరి పిన్ని ఫోన్ చెయ్యలేదేం?"

అమ్మాయి చెప్పింది. పొడుగమ్మాయి ఆసుపత్రి పేరు అడిగి రాసుకుంది. ఒక హోటలు వాళ్ల దుప్పట్లు ఉతికే చోట పనట, రాత్రి బస్సుకు బయలుదేరుతానంది.

అమ్మాయి రెండూ నలభై ఎనిమిదికి మిషనమ్మ తమ్ముడికి ఫోన్ చేసింది. అతను అక్క చెవి దగ్గర చెప్పి, మళ్లీ లైన్లోకొచ్చాడు.

"ఎవరిదని అడిగింది. పొడుగమ్మాయిదన్నాను. విసుగమ్మది కాదా అంది. కాదంటే, సరే తొక్కమను, దానిది ఇవాళో రేపో వస్తుంది అంది. ఎవరమ్మా విసుగమ్మ?"

"నేనే బాబాయ్."

మూడూ యాభై రెండుకు తమ్ముడు మళ్లీ చేశాడు. మూడూ నలభైకి పోయిందని చెప్పాడు. నిద్రలోనే అన్నాడు. డాక్టరు రాసిచ్చేదాకా అక్కడే ఉంటానన్నాడు. ఇంకేం చెప్పాలో తెలియక, చేతిగడియారంలో టైము సరిచూసుకున్నానన్నాడు.

గోడ గడియారంలో నాలుగుకి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. రెండో సంచి రావాలి. బిస్కెట్ల డబ్బాలో ఇంకా ఏడు చీటీలున్నాయి. అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి, మడమ ఆనించి తొక్కింది. నాలుగింటికి సైకిలు బెల్లు వెనక మొగలో మోగింది. సైకిలు ఆగింది, ఈ ఇంటికేమీ లేనట్టు కదిలి వెళ్లిపోయింది. నాలుగున్నరకు ఆమె పాదం తీసింది. చక్రం రెండుసార్లు తిరిగి ఆగింది.

సూది పాదం కింద ముతక గుడ్డలో సగం దాకా చిల్లుల వరసలు తిన్నగా ఉన్నాయి, ఆ తర్వాతవి వంకర. సూది చివరి చిల్లులో దిగి ఉంది.