టీవీకి ఎదురు గోడ

క్రిస్మస్ వస్తోందని సుజాత ముందుగదికి రంగు వేయిస్తోంది. గోడకున్నది నున్నటి వినైల్ షీటు. ఆమె భర్త రత్నం పెయింటర్. స్టేషన్ ఘన్‌పూర్‌లో సగం ఇళ్లకు రంగులేసిన ఆ మనిషి, సొంతింటికి వేసే ఓపిక లేక ఆ షీటు అతికించేశాడు. ఈ ఎండాకాలం పోయాడు.

మరిది యాకోబు వేసిన రంగు తెల్లారేసరికి మీగడలా లేచొచ్చింది.

"సర్ఫుతోని కడిగి, శాండ్ పేపర్‌తోని రుద్ది, ప్రైమర్ కొట్టి ఒకరోజు ఎండనియ్యాలె," అంది సుజాత. రత్నం నోట వెయ్యిసార్లు విన్న మాటే.

యాకోబు అలాగే చేశాడు. ఈసారి గోడంతా పట్టింది గానీ, టీవీకి ఎదురుగా అరచేయంత మేర మళ్లీ లేచింది.

"గీడ నూనె పట్టింది వదినా. మంచిగ కడగాలె," అన్నాడు తల వంచుకుని.

అన్నం తిన్నాక రత్నం అక్కడే గోడకు తల ఆనించి కూర్చునేవాడు. నూనె తల ఆనించొద్దని సుజాత రోజూ కసిరేది.

ఆమె బకెట్టు తెచ్చుకుని, మూడుసార్లు నీళ్లు మార్చి, మరక పోయేదాకా రుద్దింది. ఏడుపేమీ రాలేదు. చేతులు నొప్పెట్టాయి, అంతే.

మర్నాడు యాకోబు అక్కడ మళ్లీ రంగు వేశాడు. పట్టింది.