గేటు ఎవరూ దాటలేదు

మధ్యాహ్నం భోజనాలై పళ్ళేలు తీసేశాక, ఆ వృద్ధుల ఇంటి హాల్లో కుర్చీలన్నీ ఎదురెదురుగా రెండు వరసలు వేసేవాళ్ళు. ఒత్తుళ్ళ మేడం వచ్చే టైమది. బోర్డు మీద ఆక్యుప్రెషర్ అని రాసుండేది గానీ, ఆ మాటకి నోరు తిరిగేవాళ్ళకి పళ్ళు లేవు, పళ్ళున్నవాళ్ళకి నోరు తిరగదు. అందుకని అందరికీ అవి ఒత్తుళ్ళే.

మేడం ఎదురుగా నిలబడి చూపించేది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండ ఒత్తితే తలభారం దిగుతుంది. మణికట్టు లోపలివైపు, మడతకి మూడు వేళ్ళ పైన ఒత్తితే కడుపులో తిప్పడం ఆగుతుంది. "మెల్లిగా అమ్మా, మెల్లిగా! అది మనిషి చెయ్యి, కాలింగ్ బెల్ కాదు!" అని వరసల మధ్య తిరిగేది. ఎవరి జోడీ చెయ్యి వాళ్ళు పట్టుకుని ఒత్తుకునేవాళ్ళు. సగం సుఖం ఒత్తుడులో ఉండేది, సగం ఎవరో ఒకరు చెయ్యి పట్టుకున్నారన్న దాంట్లో ఉండేది, మిగతా సగం ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడంలో ఉండేది. మూడు సగాలేంటంటారా? లెక్కలొచ్చినవాళ్ళు వేరే కథ చూసుకోండి.

చివరి వంతు డ్రైవర్ తాతది. బతుకంతా బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు చక్రాల కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుంటాడు, కాళ్ళు చీపురుపుల్లలు. మేడం ఆయన కుడి అరికాలి గుంటలో వేలు ఆనించగానే ఆ మూడంతస్తుల భవనం గుర్రుమని ఓ బెత్తెడు ముందుకి జరిగేది. వంటాయన పాలగిన్నె పట్టుకునేవాడు. మంచాల మీదున్నవాళ్ళు ఊచలు పట్టుకునేవాళ్ళు. పెట్టె జరిపితే దాని తాళం కూడా జరగదూ, అలాగ ప్రహరీ, గేటు, పూలకుండీలు అన్నీ కూడా జరిగేవి. ఎదురుగా ఉన్న మంగలి తన కుర్చీ కాస్త లోపలికి లాక్కునేవాడు. ప్లంబరు అప్పుడప్పుడూ వచ్చి, "ఈసారి పైపు పొడుగ్గా వేశానండి, కొన్నాళ్ళు ఫర్లేదు" అని చెప్పి పోయేవాడు.

ఎడమ కాలు మాత్రం మేడం ముట్టేది కాదు. ఎప్పుడో అరికాల్లో పుండుండేది. అది మానిపోయింది గానీ ముట్టకపోవడం అలవాటైపోయింది.

ఒకసారి గోడ బీటిచ్చిందని మేనేజరు కాళ్ళ ఒత్తుళ్ళు బంద్ చేయించాడు. "చేతులు ఎంతైనా ఒత్తుకోండి. కాళ్ళు ముట్టుకుంటే ఊరుకోను."

ఇట్లా ఉండగా ఓ మధ్యాహ్నం, ఒత్తుళ్ళ టైములో, టైలరక్కకి ఫోనొచ్చింది.

టైలరక్క అంటే మామూలు మనిషి కాదు. ఆవిడ కత్తెర పట్టిందంటే గుడ్డ తనంతట తనే రెండయ్యేది, అంత భయం. ఇప్పుడు నడుం వంగింది, చూపు మందగించింది, కుడిచేతి బొటనవేలు మాత్రం ఇంకా సుత్తే. ఆవిడకో చెల్లెలు. ఇద్దరూ ఒకచోటే ఉందామనుకున్నారు గానీ ఏ ఇంట్లోనూ రెండు మంచాలు ఖాళీ దొరకలేదు. అక్కేమో ఇక్కడ, చెల్లెలేమో ఊరికి ఆ చివర ఇంకో వృద్ధుల ఇంట్లో. ఆదివారాలు ఆటోలో వెళ్ళి చూసొచ్చేది. తను బాత్రూములో జారిపడ్డాక అదీ పోయింది.

ఫోన్లో అక్కడి ఆయా అంది: "మీ చెల్లెలు తినడం మానేశారమ్మా. ఏం పెట్టినా కడుపులో తిప్పుతోందంటారు. డాక్టరుగారు మందిచ్చారు, అది మింగాలన్నా నోరు తెరవాలి కదా. అక్క వచ్చి ఒత్తితే తింటానని పంతం పట్టారు. మనిషి బాగా చిక్కిపోయిందమ్మా. తొందరగా రండి."

టైలరక్క గోడ పట్టుకుని ఆఫీసు గదికెళ్ళింది.

"ఒక్క గంట బాబూ. ఆటో ఎక్కిస్తే చాలు."

మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడేం కాదు, భయస్తుడు. "గోడ పట్టుకోకుండా నడవలేనివాళ్ళు గేటు దాటకూడదమ్మా. గోడ మీద రాసుందిగా. దారిలో మీకేమైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది."

"నా చెల్లెలికేమైనా అయితే ఎవరి మెడకి చుట్టుకుంటుంది?"

ఆయన గేటు తాళంచెవి జేబులో ఉందో లేదో తడుముకున్నాడు.

ఆవిడ హాల్లోకొచ్చి డ్రైవర్ తాత ఎదురుగా కుర్చీలో కూలబడింది. సంగతంతా విన్నాడాయన. దుప్పటి పక్కన పడేశాడు.

"గేటు దాటకూడదు. అంతేనా అన్నాడు?"

"అంతే అన్నయ్యా."

"గేటుని వెంటబెట్టుకుని పోకూడదని అనలేదుగా?"

"అనలేదు."

"మరి ఏడుపు దేనికి చెల్లెమ్మా? మేజోడు విప్పు."

ఆ మాట వరస చివరిదాకా పాకింది. ఒక్కరు కూడా ఎందుకూ ఏమిటీ అనలేదు. వంటాయన పొయ్యి ఆర్పేసి గిన్నెలు కింద పెట్టాడు. పక్క కుర్చీలో ఉన్న పంతులమ్మ చేపల గాజుతొట్టె ఒళ్ళో పెట్టుకుంది. వాచ్‌మన్ తువ్వాలు పట్టుకుని డాబా ఎక్కాడు. డ్రైవర్ తాత గొంతు సవరించుకుని నోటితో హారను కొట్టాడు. నిజం హారనైనా అంత బాగుండదు.

"కుడికాలు, చెల్లెమ్మా. గట్టిగా!"

టైలరక్క సుత్తి వేలు దించింది. ఇల్లు గర్జించి వెనక్కి బయల్దేరింది.

ఏం జరిగిందంటే, ఎదురుగా నిలబడి మేడం నేర్పిన విద్య అది. ఆవిడ కుడి అంటే వీళ్ళు తమకి కుడివైపున్నది ఒత్తేవాళ్ళు. చేతుల దగ్గర ఏదైతేనేం, నడిచిపోయింది. ఇప్పుడు టైలరక్క వేలు తాత ఎడమ పాదం మీదుంది. అందులో రివర్సు ఉందని అప్పటిదాకా ఆ కాలుగలాయనకే తెలీదు.

"వెనక్కి పోతోంది అన్నయ్యా! తీసెయ్యనా?"

"తియ్యకు! వీధి మలుపు దాటేశాం. పంతులమ్మా, నీ చేతద్దం ఇటివ్వు."

అద్దం మొహం ముందు పెట్టుకుని వెనక కిటికీ చూస్తూ నడిపాడు. బొటనవేలు ఎటు తిప్పితే ఇల్లటు తిరుగుతుంది. "ఎడమకి తిప్పు... నీ ఎడమ కాదు, నా ఎడమ!" డాబా మీంచి వాచ్‌మన్ తువ్వాలు ఊపుతూ, "రానీ, రానీ, రానీ... స్తంభం ఉంది... రానీ!" అని కేకలు. నారలాంటి సందుల్లోంచి మూడంతస్తుల ఇంటిని ఒక్క పూలకుండీ పగలకుండా రివర్సు చేసిన మొనగాడు ఇంకెవడైనా ఉంటే తీసుకురండి, నా చెవి కోసిస్తా.

కూడలిలో ట్రాఫిక్ పోలీసు ఈల ఊదాడు. "ఏంటిది? ఇది వన్ వే!"

"మేం వెళ్ళేది కూడా ఒకవైపేగా!" అన్నాడు తాత. పోలీసు ఆలోచనలో పడ్డాడు. ఆలోచన తేలేలోగా ఇల్లు దాటిపోయింది.

అప్పటికి మేనేజరు బల్ల పట్టుకుని, బల్లతో సహా జారుకుంటూ హాల్లోకొచ్చాడు. "ఆపండి! గేటు దాటొద్దని చెప్పానా లేదా?"

"ఎవరు దాటారయ్యా?" అంది టైలరక్క తలెత్తకుండా. "గేటు మూసే ఉంది. తాళంచెవి నీ జేబులోనే ఉంది. చూసుకో."

ఆయన చూసుకున్నాడు. ఉంది.

పెద్ద బజారు మధ్యలోకి వచ్చాక టైలరక్క వేలు కొంకర్లు పోయింది. ఇల్లు ఆగిపోయింది. వెనక లారీలు, ముందు స్కూటర్లు, ఒకటే హారన్లు. ఆవిడ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "నా వల్ల కావట్లేదు" అంది. తొట్టెలో చేపలు కూడా కదల్లేదు.

మేనేజరు మెల్లిగా అన్నాడు: "పోనీలెండమ్మా. చాలు. వెనక్కి పోదాం."

ఒత్తుళ్ళ మేడం అప్పటిదాకా స్తంభం పట్టుకుని నిలబడుంది. వచ్చి టైలరక్క పక్కన కూర్చుంది. ఆవిడ చెయ్యి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండ ఒత్తడం మొదలెట్టింది.

"మేడం! మీరు కూడానా?"

"నేను కాళ్ళు ముట్టుకున్నానా సార్? చేతులే ఒత్తుతున్నా. చేతులు ఎంతైనా ఒత్తుకోమన్నారుగా."

కొంకర్లు విడిపోయాయి. టైలరక్క వేలు మళ్ళీ దించింది. ఇల్లు కదిలింది.

చెల్లెలుండే ఇంటి వెనక గోడకి వీళ్ళ వెనక గోడ ఆనీ ఆనకుండా ఆగింది. కిటికీకి కిటికీ ఎదురు. ముందుకి నడిపి తెచ్చుంటే నడుమ ఆ గేటే అడ్డొచ్చేది. "కావాలనే రివర్సులో తెచ్చా" అన్నాడు డ్రైవర్ తాత. ఆ అబద్ధం ఆయన నోట ఇప్పటికీ వినిపిస్తుంది.

అవతలి కిటికీ పక్క మంచం మీద చెల్లెలు కళ్ళు తెరిచింది. "ఇంతసేపా?"

"ట్రాఫిక్కే. ఆ చెయ్యి ఇటు తే."

కర్రలాంటి చెయ్యొకటి ఊచల్లోంచి వచ్చింది. మణికట్టు మడతకి మూడు వేళ్ళ పైన టైలరక్క బొటనవేలు పెట్టింది. ఈసారి సుత్తి కాదు, దూది. చాలాసేపు ఒత్తింది.

"తిప్పడం తగ్గిందా?"

"నువ్వు తిన్నావా?"

"నేను తింటాలే. నువ్వు నోరు తెరువు."

ఆయా పెట్టిన ముద్ద లోపలికెళ్ళి, లోపలే ఉంది. దాని వెనకాలే మందు బిళ్ళ. సాయంత్రానికి ఉప్పు చాల్లేదని వంటవాళ్ళని తిడుతోంది. తిట్టిందంటే బతికినట్టే.

అన్నీ సర్దుకున్నాక మేనేజరు డ్రైవర్ తాత ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఇంక ఇంటిని తీసుకెళ్ళి దాని చోట పెట్టండి తాతగారూ."

తాత మేజోళ్ళు రెండూ లాక్కుని దుప్పటి కప్పుకున్నాడు. "డ్యూటీ దిగిపోయా."

"మేడం, మీరైనా ఆ కుడికాలు కాస్త..."

"కాళ్ళు బంద్ కదండీ," అంది మేడం.

ప్లంబరొచ్చి కొత్త పైపులు వేసి పోయాడు. ఇల్లు ఇప్పటికీ అక్కడే ఉంది. అక్కాచెల్లెళ్ళు కిటికీలోంచి పొద్దస్తమానం పోట్లాడుకుంటారు, మధ్యాహ్నం చేతులు ఒత్తుకుంటారు. మేనేజరుకి తలనొప్పి వస్తే ఆయన కూడా కుర్చీ లాక్కుని వరసలో కూర్చుంటాడు. గేటు దాటకూడదన్న రూలు గోడ మీద అలాగే ఉంది. ఒక్కరంటే ఒక్కరు దాన్ని తప్పలేదు.