పని చేసిన చోటు

“ఏం పని జేసినవని గింత ఆయాసం?” అన్నాడు మా ఆయన సోమలింగం.

రెండు బిందెల నీళ్లు రెండో అంతస్తుకి మోసుకొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాను. ఆయన తిట్టలేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. ఆయన ఆయాసానికైతే ఒక కారణముంది. సూరత్ పక్కన పల్సానాలో బట్టలకి రంగులద్దే మిల్లులో పందొమ్మిదేళ్లు బాయిలర్ పైపులకి వేడి పోకుండా ఆస్‌బెస్టాస్ తాడు చుట్టిన మనిషి. పాతది పీకి కొత్తది చుట్టడం ఆయన పని. ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుందని ఈమధ్యే బయటపడింది. నాకేముంది? భేస్తాన్‌లో ఈ రెండు గదులు, వంట, గిన్నెలు, మంచాన పడిన అత్తమ్మకి ఏడేళ్ల చాకిరీ, మధ్యాహ్నాలు చీరలకి వేలాడే దారాలు కత్తిరించడం. పిల్ల బడి ఫీజులు ఆ దారాల మీదే గడిచినా, ఇంట్లో దాని పేరు మాత్రం ‘టైంపాస్’. దగ్గు మొదలై రెండేళ్లయింది. “పొద్దుందాక నీడకే ఉంటవు, నీకేం దగ్గే?” అనేది మా అత్తమ్మ రాజమ్మ, పోయేదాకా. వినీ వినీ నేనూ అదే నమ్మాను. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

ఆ ఆదివారం కార్మిక సంఘం వాళ్లు మిల్లు పనివాళ్లకి మళ్లీ ఛాతీ పరీక్షలు చేయించారు. నష్టపరిహారం దరఖాస్తులూ అక్కడే రాస్తున్నారు. రాస్తున్న ప్రసన్న సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, రైల్వే ఉద్యోగి కూతురు. నేను ఆయనకి తోడుగా, మంచినీళ్ల సీసా పట్టుకుని వెళ్లాను. నా దగ్గు విన్న డాక్టరు నన్నూ ఎక్స్‌రే మిషన్ ముందు నిలబెట్టాడు. తర్వాత మా ఇద్దరి ఫిల్ములూ పక్కపక్కన వెలుతురుకి పెట్టి, చాలాసేపు నాదే చూశాడు. ఊపిరితిత్తుల చుట్టూ పొర దళసరెక్కిందనీ, కింద నీరు చేరిందనీ, నాది ఆయనదానికంటే ముదిరిందనీ చెప్పాడు.

“మీరు ఏ మిల్లులో చేశారు?” హిందీలో అడిగాడు.

“మిల్లు లేదు. ఇంట్లోనే.”

డాక్టరు నా వైపు తిరిగి, “మీ ఆయన బట్టలు ఎవరు ఉతికేవారు?” అన్నాడు.

ఇరవై ఏడేళ్ల కాపురంలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. ఎవరడుగుతారు? బట్టలు వాటంతటవే శుభ్రమవుతాయన్నట్టే ఉండేది మా ఇంట్లో. నీలం రంగు యూనిఫాం మడతల్లో, జేబుల్లో, చొక్కా కాలరు కింద తెల్లటి పొడి పిండిలా ఉండేది. తడిపితే జిగురులా అంటుకుంటుందని ముందు గట్టిగా దులిపేదాన్ని. మెట్ల కింద కుళాయి దగ్గర ఆ పొడి ఎండలో తేలుతూ మెరిసేది. చేతులు దురద పెడుతున్నాయంటే అత్తమ్మ, “మొగని బట్టలు పిండుడు గూడ ఒక పనేనా?” అని నవ్వేది. యూనిఫాం మాసి ఉంటే సూపర్‌వైజరు గేటు దగ్గరే ఆపేస్తాడని ఆయన తొందరపెట్టేవాడు. ఒళ్లు బాగోకపోయినా, నెలలు నిండినా, ఏ రోజూ మానలేదు. మా కూతురు విజయశ్రీకి అప్పట్లో నాలుగేళ్లు. బండ మీద రాలిన ఆ పొడిలో వేలితో ముగ్గులు పెట్టేది. డాక్టరు ముందు నిలబడ్డప్పుడు అది గుర్తొచ్చింది.

వారం తిరక్కుండా సదానందం వచ్చాడు. ఆయన్ని మిల్లులో పనికి పెట్టిన కాంట్రాక్టరు, మావైపు మనిషే. వెంట ఒక కాగితం తెచ్చాడు. కోర్టుల చుట్టూ తిరిగే పని లేకుండా మిల్లువాళ్లు ఇప్పుడే కొంత ఇస్తారట. మా ఆయన అప్పటికే సంతకం పెట్టేశాడు. కింద నాదీ కావాలన్నారు. ఫోన్లో ఫొటో తీసి ప్రసన్నకి పంపాను. చదివి చెప్పింది, ఈ ఇంట్లో ఇంకెవరూ, ఎప్పుడూ, ఏ జబ్బు గురించీ మిల్లుని అడగరని దాని అర్థమట.

“ఆడోళ్ల దగ్గుకు కంపెనీకి ఏం సంబంధం చెల్లె?” అన్నాడు సదానందం. “జర సైన్ జెయ్యి, మీ ఆయన మందులకు అక్కరొస్తయి.”

“నేను చెయ్య, అన్నా,” అని కలం కింద పెట్టాను.

అతను కాగితం అక్కడే వదిలి వెళ్లాక ఆయన అరిచాడు. “నీ మొండితనంతోని నాది గూడ పోతది! నీకు మిల్లు గేటు ఎట్లుంటదో ఎరుకేనా?” అన్నాడు. తర్వాత నాలుగు రోజులు మాట్లాడలేదు. పళ్లెం ముందు పెడితే తినేవాడు, తీస్తే ఊరుకునేవాడు. డబ్బు కోసమే ఈ కోపమనుకుని లోలోపల ఆయన్ని అసహ్యించుకున్నాను. ఐదో రోజు పొద్దున చాయ్ ఇస్తుంటే నా వైపు చూడకుండా అన్నాడు.

“నువ్వు అర్జీ వెడితె అండ్ల ఏం రాస్తరు? మొగడు దెచ్చిన దుమ్ముతోని రోగమొచ్చిందనే గద? నేనే నిన్ను...”

చాయ్ గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాడు. అప్పుడర్థమైంది, నా ఫిల్ము చూసిన రోజునుంచీ ఈ మనిషి లోపల ఏం నలుగుతోందో. పక్కన కూర్చున్నాను. ఆయన కోసం నేను వెనక్కి తగ్గితే ఆయన మనసు తేలికవుతుంది, నిజమే. ఎన్నిసార్లు తగ్గలేదు అలా! ఈసారి మాత్రం కుదరదనిపించింది.

“దుమ్ము నువ్వు దేలే,” అన్నాను. “మిల్లుల తానాలు జేసి బట్టలు మార్చెటందుకు జాగ వెట్టలే, బట్టలుతికెటోళ్లను వెట్టలే. గా పని మనింటికి తోలిండ్రు. నేను జేసిన. గంతే.”

ఆయన చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. తర్వాత లేచి, తను సంతకం పెట్టిన కాగితాన్ని సదానందానికి ఇవ్వనని, తనే ఫోన్ చేసి చెప్పాడు.

ప్రసన్న నాకేమీ దాచలేదు. “చట్టం మిల్లులో పనిచేసినవాళ్లనే చూస్తుంది, స్వరాజ్యంగారూ. మీ అర్జీని మొదట కొట్టేస్తారు. పై కోర్టుకి వెళ్లాలి. ఏళ్లు పడుతుంది. మీ ఆరోగ్యం...” అంది.

“నాకు ఎరుకే బిడ్డా. రేపు మా విజయశ్రీకి దగ్గొస్తే, ఇది యాడికెళ్లి వచ్చిందో ఒక్క సర్కారు కాగితంలనన్న రాసి ఉండాలె. నేనున్నా, లేకున్నా.”

సోమవారం ప్రసన్నతో కలిసి ముగ్గురం కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లాం. మెట్లెక్కడానికి ఆయనా నేనూ రెండుసార్లు ఆగాం. గుమాస్తా నా పేరు రాసుకుని, వృత్తి దగ్గర అడక్కుండానే గృహిణి అని రాయబోయాడు.

“అది కాదు,” అన్నాను నాకొచ్చిన హిందీలో. “మిల్లు యూనిఫాంలు ఉతికాను. పందొమ్మిదేళ్లు.”

అతను ఆయన వైపు చూశాడు, ఇదేమిటన్నట్టు. ఆయన గొంతు సవరించుకుని, “నిజమే సాబ్. సాక్ష్యం నాది రాసుకోండి,” అన్నాడు.

“పని చేసిన చోటు?”

“మా ఇల్లు.”

గుమాస్తా కలం ఆపి, విసుగ్గా అడిగాడు. “జీతం?”

“ఇంకా ఇవ్వలేదు,” అన్నాను. “అందుకే వచ్చాను.”