ఈరేషన్న చెయ్యి

భీమక్క ఎడమచేతిలో జానెడు విల్లు ముందుకూ వెనక్కూ ఆడుతోంది. దాని గుర్రపు వెంట్రుకల తాడు చుట్టుకుని, రెండు ఇనుప మొనల మధ్య బిగించిన కుట్టుసూది ముక్క గిర్రున తిరుగుతోంది. భీమక్క కుడికంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి ఆపి, తిరుగుతున్న సూది కొనకు చిన్న ఉలి తాకించింది. తాకించింది అనడం కూడా ఎక్కువే. కంటికి కనిపించనంత ఇనుప పొట్టు లేచి ఆమె బొటనవేలి గోటి మీద పడింది.

కిటికీలోంచి పొద్దుటి ఎండ ఆమె పనిచేసే చెక్క పలక మీద పరుచుకుంది. గదిలో ఫ్యానుంది కానీ పనిలో కూర్చున్నప్పుడు వెయ్యదు. గాలికి ఎగిరిన ఆవగింజంత మరమేకు ఆదోని అంతా ఊడ్చినా దొరకదు. చెమట మెడ వెనక నుంచి రవికెలోకి జారుతోంది. కుడికన్ను మంట. నీళ్లు వచ్చి అద్దం మసకబారగానే ఆపి, అద్దం తీసి, కొంగుతో కన్ను ఒత్తుకుని, కాసేపు గోడకానుకుంది. మళ్లీ మొదలు.

ఆమె బాగుచేస్తున్న వాచీ కర్నూలు రామకృష్ణది. నూరెకరాల రైతు ఇంటివాడు. ఇప్పుడు కాలేజీ నడుపుతున్నాడు. వాచీ వాళ్ల తాతది. లోపల అటూ ఇటూ ఊగే చక్రానికి ఇరుసు విరిగింది. ఆ మోడలు చేయడం కంపెనీవాళ్లు మానేసి రెండు తరాలయింది. బెంగళూరులో లేదన్నారు, హైదరాబాదులో నవ్వారు. ఇంట్లో బిస్కెట్ డబ్బాల నిండా చచ్చిన వాచీలున్నాయి. ఒక వాచీ బతకాలంటే ఇంకో వాచీ పొట్ట చీల్చాలి, ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో పని అట్లాగే నడిచింది. కానీ ఈ కొలత ఇరుసు ఆ డబ్బాల్లో ఏ పీనుగులోనూ లేదు.

అందుకే సూది. సూదిని దీపం మీద ఎర్రగా కాల్చి, మెత్తబడ్డాక చెక్కి, మళ్లీ కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచి, నెమలి కంఠం రంగు తిరిగేదాకా సెగ చూపించాలి. ఇంతకుముందు చేసినవి చివరి నిమిషంలో కొన విరిగాయి. ఈసారి విరగలేదు. ఎండ పలక దిగేలోపు ఇరుసును చక్రానికి ఎక్కించి, చక్రాన్ని వాచీలో కూర్చి, పట్టకారు కొనతో పిసరంత కదిలించింది. చక్రం ఊగింది. ఆగలేదు. భీమక్క వాచీని చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"అయిందామే?" వాకిట్లోంచి మొగుడు ఈరేష్ అడిగాడు.

"నడస్తాండాది."

"సరే, గుండీలు పెట్టు రా. పొద్దుపోతాండాది."

ఈరేష్ పొడుగు మనిషి. తలకు నూనె రాసి వెనక్కి దువ్వుకుంటాడు, తెల్లచొక్కా తప్ప తొడగడు. ఆ చొక్కా గుండీలు మాత్రం పెట్టుకోలేడు. చేతులు రెండూ మణికట్టు నుంచి వేళ్ల కొనల దాకా వణుకుతాయి, జొన్న ఆకులు గాలికి ఆడినట్టు. తాగి చెడిన చేతులు కావవి. పెళ్లయిన కొన్నేళ్లకే ఆ వణుకు మొదలైంది. కోటకింద సాయిబు ఉస్తాదు దగ్గర ఈరేష్ నేర్చిన విద్య అంతా బుర్రలో అట్లాగే ఉండిపోయింది, చేతుల్లోంచి మాత్రం జారిపోయింది.

భీమక్క పెళ్లికి ముందు విత్తనపత్తి చేలల్లో కూలికి పోయేది. మొగ్గను గోటితో చీల్చి, నడిమి కాడ నలగకుండా చుట్టూ ఉన్న పుప్పొడి కేసరాలన్నీ ఒలవాలి. కాడ నలిగితే ఆ మొగ్గ వట్టిదే, మేస్త్రీ తిట్లు అదనం. చిన్నప్పుడే ఆమె వేళ్లకు ఆ మెలకువ పట్టుబడింది. ఒకరోజు ఈరేష్ చేతిలోంచి మర జారి నేల మీద పడితే వెతికి తెచ్చి, ఆయన చెప్పిన చోట పెట్టింది. మర ఒక్కసారికే అమరింది. ఈరేష్ ఆమె వంక చూసి ఇంకో మర అందించాడు. అప్పటినుంచి ఆయన నోరు, ఆమె చెయ్యి. మూడేళ్లు పోయేసరికి ఆయన నోటితో కూడా పని లేకపోయింది.

"ఇంట్లో ఆడదానితో చేపిస్తాండానంటే వాచీ యిచ్చేటోడు ఉండడుమే," అన్నాడు ఆ మొదట్లో. ఆమెకూ అది సబబుగానే తోచింది. బతకాలి గదా! ఈరేష్ అంగట్లో కూర్చుని వాచీలు తీసుకుంటాడు, చేతులు బల్ల కింద తువ్వాలులో దాచుకుంటాడు. "ఇంటికాడ నిదానంగ చేసుకోనొస్తా," అంటాడు. మధ్యాహ్నం భీమక్క అన్నం క్యారియరు తెస్తుంది. అడుగు గిన్నెలో పత్తిలో చుట్టిన వాచీలుంటాయి. మొగుడికి కూడు తెచ్చే ఆడదాన్ని ఎవరు ఎందుకు చూస్తారు?

పేరు వచ్చింది. ఈరేషన్న చెయ్యి పడితే బండరాయైనా టిక్కుమంటుందన్నారు. ఏటా వర్తకులు చేసే సభలో ఒకసారి ఆయనకు శాలువా కప్పారు. భీమక్క ఆడవాళ్ల వరసలో కూర్చుని చూసింది. ఆ రాత్రి శాలువా ఆమె ఒళ్లో పెడతాడేమో అనుకుంది. ఆయన దాన్ని కప్పుకునే పడుకున్నాడు. పోను పోను అబద్ధం ఆయనకే నిజమైపోయింది. "నేను పోయినేడు చేసిన ఆ గోడ గడియారం," అంటూ ఆమెకే చెప్పేవాడు. ఆమె ఊకొట్టేది.

పైగుండీ పెట్టి, కాలరు సర్ది, భీమక్క ఈ పొద్దు నోరు తెరిచింది.

"ఆ సారును ఇంటికి పిల్చకరాగూడదా? ఇది మాత్రం నేనే చేతికిస్తా. ఇట్లాంటిది మళ్ల చేస్తానో లేదో."

ఈరేష్ ఆమె వంక వింతగా చూశాడు. "నగుతారుమే జనాలు. అన్నంలోకి ఏం చేస్తాండావు?" అని చెప్పులేసుకున్నాడు.

మధ్యాహ్నం ఎండకు తారురోడ్డు మెత్తబడి చెప్పుకు అంటుకుంటోంది. జొన్నరొట్టె, వంకాయ పుల్లగూర, చెనిక్కాయల పొడి, అడుగున రామకృష్ణ తాత వాచీ. మూతబడిన సినిమాహాలు మెట్ల కింద ఈరేష్ అంగడి. పక్కనే సెల్‌ఫోన్లు బాగుచేసే వసంతకుమార్ అంగడి. భీమక్క చేరేసరికి రామకృష్ణ కారు దిగుతున్నాడు. ఈరేష్ క్యారియరు గిన్నెను బల్ల కింద విప్పి, పత్తి తీసి, వాచీని తువ్వాలు మీద పెట్టి ముందుకు తోశాడు. చేతులు వెంటనే వెనక్కి వెళ్లిపోయాయి.

రామకృష్ణ వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాడు. పెద్దమనిషి, మంచివాడు. ఆయన కళ్లు తడిశాయి.

"మా తాత రొమ్ము మీద పడుకుంటే ఈ సప్పుడే వినపడేదన్నా! బెంగళూరోళ్లు చేతులెత్తేసిరి. నువ్వు ఎట్ల చేసినావు?"

ఈరేష్ గొంతు సవరించుకున్నాడు. "కుట్టేసూదితో సార్. కాల్చి మెత్తగ చేసి, విల్లుతో తిప్పి తిప్పి చెక్కాల. ఎన్నితూర్లో కొన ఇరిగిపాయ. ఊపిరి ఇడిస్తే కూడా ఇరుగుతాది. కంట్లో నీళ్లు కారి కారి ఏమీ కానరాదు సార్. అద్దం తీసేసి, రోంతసేపు గోడకానుకొని కూసుంటా. మళ్ల మొదలు."

భీమక్క గిన్నెలు సర్దుతూ ఆగిపోయింది. గోడకానుకోవడం ఆయన చూశాడన్నమాట. ఎన్నడూ తలెత్తి చూసినట్టే ఉండడు, అన్నీ చూశాడు. ఆయన చెప్పిన దాంట్లో ఒక్క మాట అబద్ధం లేదు. మనిషే మారింది.

"ఇంత విద్య నీతోనే పోగూడదన్నా," అన్నాడు రామకృష్ణ. "మా కాలేజీకి రా. పిల్లోల్లకు చూపియ్యి, చాలు." తర్వాత భీమక్క వైపు తిరిగి నవ్వాడు. "ఏమ్మా, ఇన్నేండ్లు పక్కనుండి చూస్తాండావు. నువ్వూ ఏమన్నా నేర్చుకున్యావా?"

భీమక్క ఈరేష్ మొహంలోకి చూసింది. ఆయన కూడా చూశాడు. తువ్వాలు కింద చేతులు ఆగకుండా ఆడుతున్నాయి. ఒక్క మాట చాలు. సగం మాట అన్నా, మిగతా సగం ఆమె అందుకుంటుంది.

"దానికి టైము సూసేదే రాదు సార్," అన్నాడు ఈరేష్.

వసంతకుమార్ పక్క అంగట్లోంచి నవ్వాడు. రామకృష్ణ కూడా నవ్వాడు, వెక్కిరింపుగా కాదు, ఇంట్లో మనిషిని చూసి నవ్వినట్టు. భీమక్క మొహం మీదికీ నవ్వు వచ్చింది. అది వచ్చాక గానీ తాను నవ్వుతున్న సంగతి ఆమెకు తెలియలేదు.

ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చుంది. పలక మీద తర్వాతి వాచీ విప్పి ఉంది. ముట్టలేదు. పొయ్యి దగ్గర అంట్లున్నాయి. ముట్టలేదు. సాయంత్రం ఆయన రానీ అనుకుంది. ఏమనాలో కూర్చుకుంది. "రేపట్నుంచి నువ్వే చేసుకో. టైము సూసేది రానిదాంతో నీకేం పని?" అంటుంది. కాదు, అది చాలదు. "కాలేజీకి పోతావు గదా, పో. ఆ చేతులు తువ్వాలులోంచి తీసి పిల్లోల్లకు చూపియ్యి పో." ఇది అంటే ఆయన తల వంచుకుంటాడు. వంచుకోవాలి. ఎన్నేళ్లకో ఒకసారి వంచుకోవాలి. ఆ మాటల్ని చిన్న గొంతుతో పైకి అని చూసుకుంది. రెండోసారి ఒక్క మాటా తడబడకుండా అంది. లేచి మొహం కడుక్కుంది.

ఎండ ఇంకా వాలనే లేదు, వసంతకుమార్ మోటారుసైకిలు వాకిట్లో ఆగింది.

"అక్కా," అన్నాడు. చెప్పుల కాళ్లతోనే లోపలికి వచ్చేశాడు. "అన్న కుర్చీలో నిద్రపోతాండాడు అనుకుంటి. పిలిస్తే పలకల్యా. ఆసుపత్రికి ఎత్తకపోతిమి. ఆడికి పోకముందే..."

భీమక్క అతన్ని చూస్తూ నిలబడింది. ఆమె నోట్లో ఆ మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి, వినాల్సిన మనిషే లేడు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు నిండింది. ఈరేష్‌ను చాప మీద పడుకోబెట్టారు. వాళ్లక్క రత్నమణి తమ్ముడి కుడిచెయ్యి పట్టుకుని ఏడ్చింది. "బంగారట్లాంటి చెయ్యి పాయెనే! ఎంతమంది గడియారాలు బతికించిన చెయ్యే!" వచ్చినవాళ్లందరూ ఆ చేతి మాటే అన్నారు. కొందరు వంగి దాన్ని ముట్టి కళ్లకద్దుకున్నారు. భీమక్క కూడా దాన్నే చూస్తోంది. ఇన్నేళ్లలో అది కదలకుండా ఉండటం ఇప్పుడే చూసింది.

మర్నాడు ఊరి బయట మట్టి చేసి వచ్చారు.

ఆ తర్వాత వాచీలిచ్చినవాళ్లు ఒకరొకరే రాసాగారు. "నేను చేసిస్తా, రెండు దినాలుండు," అంది భీమక్క, బాగా ఎరిగిన ఒకామెతో. ఆమె భీమక్క భుజం నిమిరింది. "నువ్వు బాగుండు తల్లీ ముందు. ఆయప్ప పాయె, ఇంగ వాచీ నడిస్తేనేమి, నడవకుంటేనేమి?" అని, విప్పి ఉన్న వాచీని చక్రాలతో సహా కాగితంలో పొట్లం కట్టుకుని వెళ్లిపోయింది.

దినం ముగిసిన మరుసటి రోజు రామకృష్ణ వచ్చాడు. చెప్పులు వాకిట్లోనే విడిచి, నేల మీద కూర్చున్నాడు. ఆయన మణికట్టుకు తాత వాచీ ఉంది. ఆ శబ్దం భీమక్కకు అంత దూరం నుంచి కూడా వినిపించింది.

"ఇంగ ఇట్లాంటి విద్య ఎవరికుందమ్మా?" అన్నాడు. "నాదొక మనవి. అన్న పనిముట్లు మా కాలేజీలో అద్దాల పెట్టెలో పెడతాం. పేరు రాసి, ఫొటో పెట్టి, పిల్లోల్లకు చూపిస్తాం. ఈడుంటే తుప్పు పడతాయి."

"తీస్కపో నాయనా," అంది రత్నమణి. "మావోని పేరు నిలబడతాది. ఇది ఏం చేసుకుంటాది వాటితో?"

భీమక్క లేచి కిటికీకి అడ్డంగా నిలబడింది.

"అవి నావి సార్," అంది.

రామకృష్ణ కళ్లలో మళ్లీ నీళ్లు తిరిగాయి. లేచి ఆమెకు చేతులు జోడించాడు.

"మీవేనమ్మా, ఎవరు కాదన్నారు? మీ పేరు కూడా రాపిస్తా. ఆయన ఇల్లాలు ఇచ్చిందని."

"అది కాదు సార్. చేసింది నేను. ఆ సూది..." మాట అక్కడ తెగింది. ఆ పొద్దు అన్ని మాటలు కూర్చుకుంది గానీ, ఈ ఒక్కటి అని చూసుకోలేదు.

"పాపం, బుద్ధి నిలకడగా లేదు," అని రత్నమణి ఆమెను పొదివి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఊరుకోమ్మా. అన్నీ నువ్వే చేసినావు వానికి. కూడు వండి మోసినావు, గుండీలు పెట్టినావు. మాకు తెలీదా?"

రామకృష్ణ డ్రైవరు విల్లునూ, మొనల సాధనాన్నీ, ఉలులనూ, పట్టకార్లనూ, భూతద్దాన్నీ ఒక్కొక్కటే కొత్త తెల్లగుడ్డలో చుట్టాడు. దేవుడి సొమ్ములు ఎత్తుతున్నంత భక్తిగా ఎత్తాడు. ఒక్కటీ కింద పడనివ్వలేదు.

కారు పోయాక వసంతకుమార్ వచ్చాడు. ఈరేష్ అంగడి ఖాళీ చేసి, తాళంచెవి ఇచ్చిపోదామని. జేబులోంచి ఇంకేదో తీశాడు.

"ఇది ఆ పొద్దు అన్న జేబులో ఉండెనక్కా. సారు పోయినాక మందులంగడికి పోయొచ్చినాడు. నీకు ఇద్దామనుకొని మర్చిపోతి."

చిన్న కాగితం సంచి. లోపల వేలెడు సీసా.

"కండ్ల మందు," అన్నాడు వసంతకుమార్. "కండ్లు మంటలని చెప్పి అడిగినాడంట. అన్నకు కండ్లు కూడా బాగలేకుండె, పాపం."

ఈరేష్ కళ్లు చివరిదాకా బాగానే ఉన్నాయి. వీధి చివర నడిచే మనిషిని గుర్తుపట్టేవాడు. భీమక్క ఆ మాట వసంతకుమార్‌తో అనలేదు. అతను వెళ్లాక సంచిని వెలుతురులో పట్టుకుని చూసింది. దాని మీద అంగడివాడు పెన్నుతో మూడక్షరాలు రాశాడు. ఆమెకు చదువు రాదు గానీ ఆ మూడూ వచ్చు. అంగడి బోర్డు మీద చూసి నేర్చుకున్నవే.

పనిముట్లు ఎత్తేశాక బోడిగా మిగిలిన పలక మీద, ఈరేష్ అని రాసిన ఆ కాగితం సంచిలో, మూత సీలు తియ్యని చుక్కలమందు సీసా చాలా రోజులు అట్లాగే ఉంది.