మూత లోపలి చీటీ

నా దుకాణానికి వచ్చేవాళ్లలో సగం మంది ఆటలో ఓడిపోయి తప్పు కంప్యూటర్ మీదకు నెట్టేవాళ్లే. విప్పి చూస్తే దుమ్ము తప్ప ఏమీ ఉండదు. ఆడలేక మద్దెల ఓడు అని మొహం మీదే అనేస్తాను. ఈ నోటి దురుసుతో చాలా బేరాలు పోయాయి, బుద్ధి మాత్రం రాలేదు.

ఆ మాట అనలేకపోయింది ఒక్క అన్నయ్యనే.

అన్నయ్య ఇరవై ఏళ్లు లిఫ్టులు బాగుచేశాడు. రెండేళ్లుగా అతని కండరాలు ఒక్కొక్కటీ చచ్చుబడుతున్నాయి. దీనికి మందు లేదని డాక్టరు మొదటి రోజే చెప్పేశాడు. కాళ్లు పోయాక కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుని, వర్చువల్ లోకంలో గ్లైడర్ నడపడం నేర్చుకున్నాడు. అక్కడ ఎనిమిది మంది గుంపుకి ముందు ఎగిరేది అతనే. గద్ద అని పిలుస్తారు. అతనికి మిగిలిన ఉద్యోగం అదొక్కటే.

ఈ మధ్య లోయ మలుపులో కొండకి గుద్దుకుంటున్నాడు. ఇంకోసారి గుద్దితే వేరే మనిషిని చూసుకుంటామని గుంపువాళ్లు మర్యాదగానే చెప్పారట.

"మెషిన్ నెమ్మదించిందిరా. నేను నొక్కేది దానికి ఆలస్యంగా అందుతోంది," అన్నాడు.

ప్రాసెసర్ మీద ఎండిన పేస్టు తుడిచి కొత్తది పూశాను. ఫ్యాన్లు మార్చాను, ర్యామ్ పెంచాను. గ్రాఫిక్స్ కార్డు వేగాన్ని వేడికి తట్టుకునేంత వరకూ ఎక్కించాను. నెలనెలా ఇదే తంతు. ఇంకెన్నిసార్లు విప్పుతావని వదిన అడిగితే, బాగయ్యేదాకా అనేవాణ్ణి.

బటన్ నొక్కాక తెర మీద మార్పు రావడానికి ఎంతసేపు పట్టిందో కొలిచే చిన్న పరికరం ఒకటి నా దగ్గర ఉంది. అన్నయ్య మెషిన్ ఎప్పుడు కొలిచినా పద్దెనిమిది మిల్లీసెకన్లే. నా దుకాణంలో అంత వేగం దేనికీ లేదు. ఒకరోజు ఆ పరికరాన్నే అన్నయ్య చేతికిచ్చి, దీపం వెలగగానే నొక్కమన్నాను. పరికరం సరిగ్గా ఉందో లేదో చూడటానికని చెప్పాను. మామూలు మనిషికి రెండువందల యాభై పడుతుంది. అన్నయ్యకి మూడువందల అరవై పట్టింది. మరుసటి నెల నాలుగువందల ఎనభై. ఆ పై నెల ఆరువందల పది.

ఏది బాగుచేసినా మూత లోపల తేదీ, కొలత రాసి చీటీ అంటించమని నాకు నేర్పింది అన్నయ్యే. తరవాత విప్పేవాడికి తెలియాలి కదా అనేవాడు. అలవాటు పాడుగాను, మెషిన్ కొలత పక్కన చేతి కొలత కూడా రాసి అంటించాను. మూడు నెలలూ.

పోయిన ఆదివారం వెళ్లేసరికి మూత నేల మీద ఉంది. అన్నయ్య అడిగితే వదిన మరలు విప్పి, చీటీ చదివి వినిపించిందట. గుంపులోంచి తప్పుకుంటున్నానని అతను అప్పుడే చెప్పేశాడట. నా చెయ్యి విరిగిపోయినా బాగుండేది అనిపించింది.

"మద్దెల బాగానే ఉందన్నమాట," అన్నాడు అన్నయ్య. "అందరినీ మొహం మీదే అంటావుగా. నన్నెందుకు అనలేదురా?"

ఏడుపు వచ్చింది, ఏడ్చాను. అతను ఈ నెలది కొలవమన్నాడు.

పరికరం అతని వేలి కింద పెట్టాను. దీపం వెలిగింది. వేలు కదిలింది, బటన్ మాత్రం దిగలేదు. మళ్లీ వెలిగించాను. మళ్లీ అంతే.

"నొక్కాను. ఎంత పడింది?"

వదిన వైపు చూశాను. ఆమె తల దించుకుంది.

"ఆరువందల పదే అన్నయ్యా. పెరగలేదు."

"అయితే రాయి."

రాశాను. మూత లోపల నేను రాసిన మొదటి తప్పుడు కొలత అది.